వెనక కాళ్ళు లేని కుర్చీ

నమ్మవు. బెట్. సగం చదవగానే "ఆపరా నీ కోతలు" అని మెసేజ్ పెడతావ్, నాకు తెలుసు. పెట్టుకో. దమ్ముంటే చివరిదాకా చదివి అప్పుడు నవ్వు, చూస్తా.

కుర్చీల మేస్త్రి ఉన్నాడు కదా. ఉండేవాడు అనాలిలే ఇప్పుడు. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, ముందురోజు చెక్కపొట్టు ఊడ్చి, జిగురు డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. బాగుంటే తల ఊపేవాడు. బాలేకపోతే పాలిష్ బాబాయ్‌ని తిట్టేవాడు. పాలిష్ బాబాయ్ అంటే షెడ్డు పెట్టినప్పట్నుంచీ మేస్త్రి దగ్గర ఉన్న మనిషి, వార్నిష్ పూసీ పూసీ చేతులు తేనె రంగులోకి వచ్చేశాయి. జిగురుకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. అయినా తిట్లు ఆయనకే. "పొద్దున్నే నాలుగు తిట్టకపోతే అన్నకి చెయ్యి ఆడదు వదినా" అని మేస్త్రి భార్యతో నవ్వుతూ చెప్పేవాడు.

మేస్త్రి కుర్చీలు నాలుగు కాళ్ళవి, ఏనుగెక్కినా కిర్రుమనవు. కొత్తవి చెయ్యడం కాకుండా రిపేర్లు కూడా చూసేవాడు. రిపేరుకొచ్చేవాటిలో సగం పోయినవాళ్ళ కుర్చీలే. నీకు చెప్పక్కర్లేదుగా, మనిషి పోయినంత మాత్రాన బరువు వెంటనే పోదు. ఎక్కువగా ఎందులో కూర్చునేవాడో అందులో ఉండిపోతుంది, తీరిగ్గా దిగుతుంది. అప్పటిదాకా ఆ కుర్చీ జోలికి ఎవరూ పోరు. ఇంట్లో పెద్ద కొడుకో పెద్ద కూతురో పొద్దున్నే వచ్చి సీటు కింద రెండు వేళ్ళు పెట్టి చూస్తారు. లేస్తే తేలికైనట్టు. లేవకపోతే వదిలేసి పనికి పోతారు. బలం పెట్టి లేపావనుకో, బరువు ధబ్బున కింద పడి చెదిరిపోతుంది. కూర్చున్న మనిషిని తోసేసినట్టే అన్నమాట. అందుకే ఇంట్లో మనిషి పోయినవాళ్ళు రోడ్డు మీద కనిపిస్తే "ఎలా ఉన్నావ్" అని అడగరు, "కుర్చీ తేలికైందా" అని అడుగుతారు. తేలికయ్యాక చూస్తే కీళ్ళన్నీ వదులైపోయి ఉంటాయి. మేస్త్రి జిగురేసి బిగించి ఇచ్చేవాడు.

"ప్లాస్టిక్ కుర్చీల్లో మాత్రం కూర్చోకండయ్యా," అనేవాడు వచ్చినవాళ్ళతో. "రేపు మీరు పోయాక కాళ్ళు నాలుగు దిక్కులకీ పరుచుకుంటాయి. పిల్లలు చూడలేక చస్తారు."

వ్యాపారం మాటే అనుకో. కానీ నిజం.

ఒకాయన బరువైతే ఇంట్లో ఎక్కడా దొరకలేదు. వెతగ్గా వెతగ్గా సినిమా హాల్లో మధ్య వరుసలో దొరికింది. ఆఫీసుకని రోజూ బయల్దేరేది అక్కడికన్నమాట. ఇంట్లోవాళ్ళకి ఏడవాలో తిట్టాలో తెలీలేదు, టికెట్లు కొనుక్కుని వెళ్ళి పక్కన కూర్చునేవాళ్ళు.

సరే, అసలు సంగతి మేస్త్రి కూతురిది. కొలబద్ద అంటారు అందరూ. చిన్నప్పట్నుంచీ చేతిలో టేపు ఉంటే చాలు, ఇంటికొచ్చిన చుట్టాలందరి మోకాళ్ళూ కొలిచేసేది. "అత్తయ్యా, నీ మోకాలి కన్నా మా కుర్చీ అంగుళం ఎత్తు. అందుకే కాళ్ళు ఊపుతున్నావ్." ఆవిడ సిగ్గుపడి కాళ్ళు ఊపడం ఆపేసేది. పెద్దయ్యాక కుర్చీల డిజైనే చదువుకుంది. చదువుకునొచ్చి షెడ్డులో ఒక మూల ఆక్రమించి, నెలల తరబడి ఏదో చేసింది. ఎవర్నీ చూడనివ్వలేదు.

ఒకరోజు తీసుకొచ్చి షెడ్డు మధ్యలో పెట్టింది. వెడల్పాటి చెక్క పట్టీ ఒకటి నేల మీద ముందుకి పాకి, అక్కడ పైకి వంగి, మళ్ళీ వెనక్కి తిరిగి సీటై, ఇంకోసారి వంగి వీపుకి ఆనుకునే చెక్కైంది. అంతే కుర్చీ. మొత్తం ఒకటే ముక్కలా ఉంది. సీటు వెనక కింద చూస్తే ఏమీ లేదు, గాలి.

"కూర్చో నాన్నా," అంది.

మేస్త్రి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కిందకి చూశాడు.

"వెనక కాళ్ళేవే?"

"ఉండవు."

"ఎక్కడ పెట్టి మర్చిపోయావ్?"

పాలిష్ బాబాయ్ కిసుక్కున నవ్వాడు. కుర్చీలు కొనడానికొచ్చిన ఇద్దరు కూడా నవ్వారు.

"అదే డిజైన్ నాన్నా. కూర్చుంటే కొంచెం కిందకి దిగుతుంది, లేస్తే పైకొస్తుంది. మనిషితో పాటు కదుల్తుంది."

"కదలదనేగా కుర్చీ మీద కూర్చునేది! కదిలేదాన్ని గుర్రం అంటారు."

"ఒక్కసారి కూర్చో. ఒక్కసారే. నీ కోసమే ముందు తెచ్చా."

"ఎందుకమ్మా, నడ్డి బాగానే ఉంది నాకు." అని కొనడానికొచ్చినవాళ్ళ వైపు తిరిగి కన్ను కొట్టాడు. "మా అమ్మాయి పెద్ద చదువు చదివింది. అరకుర్చీ నేర్పించారు. మిగతా అర వచ్చే ఏడాదట."

ఈసారి అందరూ గట్టిగా నవ్వారు. కొలబద్ద మొహం ఎర్రగా అయిపోయింది. తర్వాత అన్న మాట అనకుండా ఉండాల్సింది. అనేసింది.

"నీకు నాలుగు కాళ్ళు తప్ప ఇంకేం తెలీదు నాన్నా. నాలుగు కాళ్ళు బర్రెకి కూడా ఉంటాయి."

పాలిష్ బాబాయ్ గబగబా ఒక గుడ్డ తీసుకుని అప్పటికే తుడిచిన కుర్చీని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు కొలబద్ద షెడ్డుకొచ్చేసరికి అచ్చు లేదు. అచ్చంటే మామూలు విషయం కాదురా. కాగితంలాంటి చెక్క రేకుల్ని జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, ఆ అచ్చు మధ్య నొక్కి పట్టి ఆరబెడితేనే ఆ వంపులు వస్తాయి. నెలల పని మొత్తం ఆ అచ్చుదే. కుర్చీ దాన్లోంచి ఊడొచ్చిన బిడ్డ లాంటిది. వెతికితే కనిపించింది, గోడ పక్కన ఆరబెట్టిన పలకల కింద, ముక్కలు ముక్కలుగా. రంపంతో నీట్‌గా కోసి దిమ్మలు చేసి పెట్టాడు మేస్త్రి.

కొలబద్ద ఆ ముక్కల ముందు చాలాసేపు నిలబడింది. మేస్త్రి ఇటు తిరగలేదు. "పలకల కింద పెట్టడానికి దిమ్మలు లేవు," అన్నాడు బాబాయ్‌తో, ఆమెకి వినపడేలా.

అంతే. ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళకి మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే షెడ్డు, ఒకే కంచాల దొంతర, మాటలు మాత్రం పాలిష్ బాబాయ్ మీదుగా.

"బాబాయ్, మీ మేస్త్రికి చెప్పు, రంపం పదును పోయిందని."

"రేయ్, మీ అమ్మాయికి చెప్పు, పదునుండబట్టే తెగాల్సింది తెగిందని."

"నేనేమన్నా పోస్టు డబ్బానా?" అనేవాడు బాబాయ్. కానీ మోసేవాడు పాపం. అటూ ఇటూ కొన్ని మాటలు దారిలో మింగేసి మరీ మోసేవాడు.

కొలబద్ద మిగిలిన ఆ ఒక్క కుర్చీనీ పలకల వెనక్కి జరిపి పాత దుప్పటి కప్పేసింది. కానీ ఊరుకోలేదు. ఫొటోలు తీసి ఒక పెద్ద కుర్చీల కంపెనీకి పంపింది. వాళ్ళు ఫోన్ చేశారు. నచ్చిందన్నారు. వ్యాన్ పంపి కుర్చీ తీసుకెళ్తాం, దాన్ని చూసి మేమే అచ్చు తీసుకుంటాం, వేలల్లో చేస్తాం, నువ్వూ వచ్చి మా దగ్గరే డిజైన్లు చెయ్యి అన్నారు. కొలబద్ద ఎగిరి గంతేసిందనుకో. వాళ్ళమ్మకి చెప్పింది. నాన్నకి బాబాయ్‌తో కూడా చెప్పించలేదు. వ్యాన్ వచ్చి కుర్చీ ఎక్కించేటప్పుడు ఆయనే చూస్తాడు, ఆ మొహం నేను చూడాలి అనుకుంది.

వ్యాన్ రావడానికి వారం ముందు మేస్త్రి మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని మంచం మీద నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు. అంతే. గుండె అన్నారు.

ఆయన ఆఖరుగా కూతురికి చెప్పించిన మాట ఏంటో తెలుసా? "జిగురు చిక్కబడింది, నీళ్ళు కలపమను." అది కూడా బాబాయ్‌తో.

అన్నీ అయిపోయాక, మర్నాడు పొద్దున్న కొలబద్ద షెడ్డుకెళ్ళింది. మేస్త్రి పనిచేసేటప్పుడు కూర్చునే ఎత్తు స్టూలు ఉంది, ఆయన మొట్టమొదట చేసుకున్నది. ఆ సీటుకి ఆయన అచ్చు పడిపోయి ఉంటుంది. బరువు అందులో కాక ఇంకెక్కడుంటుంది? బాబాయ్, పక్కింటి టైలర్ పిన్ని, అమ్మ అందరూ వెనకాల నిలబడ్డారు. కొలబద్ద వంగి సీటు కింద రెండు వేళ్ళు పెట్టింది. పెద్దగా ఆనించను కూడా లేదు.

స్టూలు గాల్లోకి లేచింది. దూదిలా.

"ఇంట్లో చూడవే," అంది అమ్మ.

ఇంట్లో భోజనాల కుర్చీ. తేలిక. వరండాలో పేపర్ చదివే కుర్చీ. తేలిక. మంగలి షాపులో కుర్చీ, టీ కొట్టు బెంచీ, స్నేహితుడి మెకానిక్ షాపులో తిరగేసిన డ్రమ్ము, అన్నీ చూశారు. వెళ్ళిన చోటల్లా అక్కడివాళ్ళు లేచి పక్కకి జరిగి దారిచ్చారు. కొలబద్ద రెండు వేళ్ళు పెట్టడం, అది లేచి రావడం.

ఇంక మొదలయ్యాయి గుసగుసలు. తెలుసుగా జనం. కుర్చీ తేలికైందా అని అడిగేవాళ్ళు ఇప్పుడు "కుర్చీ దొరికిందా" అని అడుగుతున్నారు. అడిగి, పెదవి కొంచెం వంకర పెడుతున్నారు. టైలర్ పిన్ని మంచిదే కానీ నోరు ఆగదు. "ఎక్కడో ఒక చోట ఉంటుందిలే వదినా," అంది, "మగాళ్ళకి మనకి తెలియని గుమ్మాలు ఉంటాయి కదా."

అమ్మ లోపలికొచ్చి ఆయన భోజనాల కుర్చీని వంటింట్లోంచి బయటికి నెట్టేసింది.

"ఇన్నేళ్ళు కాపురం చేశానే," అంది కూతురితో, గోడ వైపు తిరిగి. "ఆయన ఎక్కడ కూర్చునేవాడో నాకు తెలీదు."

రేపు వ్యాన్ వస్తుందనగా కొలబద్ద కుర్చీ తుడిచి కట్టిపెడదామని షెడ్డుకెళ్ళింది. పలకలు జరిపింది. దుప్పటి అలాగే ఉంది, కానీ మధ్యలో గుంట పడి ఉంది. దుప్పటి లాగింది.

కుర్చీ దిగి ఉంది. సీటు కిందకి, నాలుగు వేళ్ళ కన్నా ఎక్కువే దిగి, వీపు చెక్క వెనక్కి వాలి. అచ్చం మనిషి కూర్చుంటే ఎలా దిగుతుందని ఆమె లెక్క వేసిందో అలా. అందులో ఎవరూ లేరు.

రెండు వేళ్ళు పెట్టింది. పెట్టక్కర్లేదు, తెలిసిపోయింది. అయినా పెట్టింది. కొండని కదిపినట్టు ఉంది.

అక్కడే చెక్కపొట్టులో కూలబడిపోయి ఏడ్చింది. ఆయన పోయిన రోజు ఏడవలేదు తెలుసా? అప్పటిదాకా కోపమే ఉంది, ఏడుపుకి చోటు లేదు.

పాలిష్ బాబాయ్ పరిగెత్తుకొచ్చి, చూసి, తేనె రంగు చేతులు రెండూ నెత్తిన పెట్టుకున్నాడు.

"రోజూ మధ్యాహ్నం నన్ను టీకి తోలేసేవాడు," అన్నాడు. "పో, తీరిగ్గా తాగి రా అనేవాడు. వచ్చేసరికి తలుపు గడియ పెట్టి ఉండేది. ఎప్పుడూ లేంది నా మీద ఇంత ప్రేమేంటా అనుకుని రెండేసి టీలు తాగేవాణ్ణి. ఎంత వెధవనో చూడు."

అమ్మకి కబురెళ్ళింది. వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి చూసింది. ముందు ఆమె భుజాలు దిగాయి. వేరే గుమ్మం ఏదీ లేదు, సొంత షెడ్డే. టైలర్ పిన్ని కూడా వచ్చి చూసి, నాలుక కరుచుకుని, "నా నోట్లో మన్ను పడ" అనుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత అమ్మకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు.

మర్నాడు వ్యాన్ వచ్చింది. మెడలో కార్డు వేసుకున్న కంపెనీ ఆయన దిగాడు, నవ్వు మొహం. లోపలికొచ్చి కుర్చీ చూసి గొంతు తగ్గించేశాడు.

"ఎవరు?"

"నాన్న."

"అయ్యో. ఈ మధ్యే?"

"పోయిన వారం."

"మా అమ్మ సోఫాలో ఉండిపోయిందమ్మా. ఏడాది మేమంతా కింద చాప మీద కూర్చునే టీవీ చూశాం." అని, దగ్గాడు. "ఇంకోటి చేసి ఇవ్వలేరా?"

"అచ్చు లేదు."

"మళ్ళీ చేస్తే?"

"నెలలు పడుతుంది."

"అన్నాళ్ళు ఆగరమ్మా మావాళ్ళు. ఇంకోటి రెడీగా ఉంది, స్టూలు. ప్లాస్టిక్‌ది. ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి, ఎన్నైనా పేర్చుకోవచ్చు. మీదే బాగుందని నేను కొట్లాడాను నిజంగా. ఇవాళ ఇది వ్యాన్ ఎక్కకపోతే అదే ఖాయం చేసేస్తారు."

"మరి నా ఉద్యోగం?"

ఆయన కార్డు తాడు సర్దుకున్నాడు. "కుర్చీతో పాటేగా ఉద్యోగం."

కొలబద్ద వెళ్ళి కుర్చీ పక్కన నిలబడింది. డ్రైవర్, కంపెనీ ఆయన, తను, బాబాయ్. నలుగురు పడితే వచ్చేస్తుంది. బరువు కింద పడుతుంది, చెదురుతుంది, కుర్చీ పైకి లేస్తుంది. వ్యాన్ ఎక్కుతుంది. వేలల్లో తయారవుతుంది. జీవితంలో ఏమేం కావాలనుకుందో అది మొత్తం ఆ వ్యాన్ తలుపు అంత దూరంలో ఉంది.

"పంపించెయ్," అంది అమ్మ గుమ్మంలోంచి. "బతికుండగా ఒక్క మాట చెప్పాడా నీకు? బాగుందే అన్నాడా? నీ అచ్చు కోసేసి, దొంగలా తలుపేసుకుని కూర్చున్నాడు. నువ్వు కళ్ళ ముందే మాడిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు మాత్రం ఎందుకు కూర్చోవాలి? లేపు. లేపి పంపించెయ్."

కొలబద్ద చేతులు సీటు కిందకి వెళ్ళాయి. నిజం, వెళ్ళాయి. పట్టుకుంది కూడా. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత వదిలేసింది.

"నావల్ల కాదమ్మా," అంది. "కూర్చోమని బతిమాలింది నేనే. ఇన్నాళ్ళకి కూర్చున్నాడు. కింద నుంచి కుర్చీ ఎలా లాగెయ్యను?"

వ్యాన్ ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ ప్లాస్టిక్ స్టూలు వచ్చేసింది, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. ఇది చదువుతూ నువ్వు కూర్చున్నది కూడా అదేనేమో చూసుకో.

ఇక ఇక్కడ్నించి విను. మామూలు కుర్చీలో బరువు దిగితే కంటికేం తెలీదు, వేళ్ళకి తెలుస్తుంది. కానీ ఇది బరువుకి తగ్గట్టు వంగే కుర్చీ కదా. బరువు తగ్గేకొద్దీ సీటు పైకి వస్తుంది. వెంట్రుక మందం, ఇంకో వెంట్రుక మందం. అంటే ఏంటో అర్థమైందా? ఒక మనిషి కుర్చీలోంచి లేవడం. నెలలు పట్టి, అందరి కళ్ళ ముందూ లేవడం.

కొలబద్ద షెడ్డు మూసెయ్యలేదు. నాన్న ఒప్పుకున్న నాలుగు కాళ్ళ కుర్చీలు ఇంకా ఇవ్వాల్సినవి ఉన్నాయి, బాబాయ్, తనూ కలిసి అవి పూర్తి చేశారు. పని మధ్యలో తలెత్తి చూసేది. వచ్చినవాళ్ళు కూడా ముందు అటు చూసి, "కొంచెం లేచినట్టున్నాడే" అనేవాళ్ళు. టైలర్ పిన్నైతే రోజూ సాయంత్రం వచ్చి నిలబడేది. "తొందరేముందిలే అన్నయ్యా, నెమ్మదిగా లే," అని కుర్చీకే చెప్పేది. పాప పరిహారం అనుకుంటా.

అమ్మ మాత్రం రాలేదు. బాబాయ్‌కి అన్నం పంపేది, తను గుమ్మం తొక్కేది కాదు.

కొన్నాళ్ళకి కొలబద్దకి ఒకటి కనిపించింది. సీటు సమంగా లేవట్లేదు. కుడి వైపు ముందు లేస్తోంది, ఎడమ వైపు కిందే ఉంటోంది. జిగురు సరిగ్గా పట్టలేదేమో, చెక్క మెలి తిరిగిందేమో అనుకుని సమం చూసే రసమట్టం తెచ్చి సీటు అంచున పెట్టింది. గాజు గొట్టంలో బుడగ కుడి పక్కకి వెళ్ళి ఆగింది. చెక్క బాగానే ఉంది. బరువే అలా ఉంది. మొత్తం ఎడమ తొడ మీద వేసుకుని కూర్చున్న మనిషి బరువు.

వెళ్ళి ఎత్తు స్టూలు మీద కూర్చుంది. తను కూడా అలా ఎడమకి ఒరిగి చూసింది. ఎందుకు అలా కూర్చుంటారు ఎవరైనా? కుడి వైపు ఆనితే ఏదో నొప్పి ఉంటే తప్ప. కుడి తుంటి గట్టి చెక్కకి తగలకూడదనుకుంటే తప్ప.

"బాబాయ్, నాన్నకి తుంటి నొప్పి ఉండేదా?"

"నాకెప్పుడూ చెప్పలేదే." ఆయన గుడ్డ కింద పెట్టాడు. ఆలోచించాడు. "కానీ ఈ మధ్య నిలబడే చిత్రిక పట్టేవాడు. స్టూలు ఎందుకెక్కట్లేదు అంటే, కూర్చుంటే పని సాగదు అనేవాడు."

కొలబద్దకి అంతా ఒకేసారి అర్థమైంది. నాలుగు కాళ్ళ కుర్చీ కదలదు, తుంటికి ఎదురు తిరుగుతుంది. ఆయన చేసిన ఏ కుర్చీలోనూ ఆయనే కూర్చోలేకపోయాడు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం, నొప్పికి తాళలేకో, ఊరికే చూద్దామనో, దుప్పటి తీసి ఇందులో కూర్చుని ఉంటాడు. ఇది కిందకి దిగి ఉంటుంది, ఒరిగితే ఒరగనిచ్చి ఉంటుంది. లోకంలో ఆయనకి నొప్పి పెట్టని కుర్చీ ఇదొక్కటే. దీని అచ్చేమో ఆయనే కోసేశాడు. ఇంకేం చెప్తాడు? ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

ఇంకా దారుణం ఏంటంటే, ఆమె ఊళ్ళో అందరి మోకాళ్ళూ కొలిచింది కదా. నాన్నకి ఎక్కడైనా నొప్పిగా ఉందా అని ఒక్కసారి అడగలేదు. మాటల్లేకపోయాయి కాబట్టి కాదు. మాటలున్నప్పుడు కూడా అడగలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మకి చెప్పింది. అమ్మ గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయింది. "ఎడమ పక్కకి తిరిగి పడుకునేవాడు," అంది. "నా వైపు వీపు పెట్టి. ఏడాదిగా. నా మీద ఏదో కోపం అనుకున్నా." మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. అదే గిన్నె, చాలాసేపు.

ఆ తర్వాత షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. మాట్లాడేది కాదు. బాబాయ్ వేసిన చెక్కపెట్టె మీద కూర్చుని, కుర్చీకి ఎదురుగా కూరగాయలు తరుక్కునేది.

సీటు దాదాపు పైకి వచ్చేసింది. ఇంక ఇవాళో రేపో అనుకున్నారు. కానీ అక్కడ ఆగిపోయింది. బొటనవేలంత మిగిలింది, అది కదలట్లేదు. ఒక వారం, ఇంకో వారం. ఎడమ వైపు అలాగే కిందకి. కొలబద్ద రోజూ పొద్దున్న రెండు వేళ్ళు పెట్టేది, కొంచెం ఊగేది, లేచేది కాదు. సగం లేచి వంగి నిలబడిపోయిన మనిషిని ఎప్పుడైనా చూశావా? చెయ్యి దేనికో ఒకదానికి ఆనించి, నడుం నిఠారుగా కాక, ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూస్తూ? అలా ఉండేది.

ఒక సాయంత్రం అమ్మ బీన్స్ తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టింది. లేచి, కొంగుకి చేతులు తుడుచుకుని కుర్చీ దగ్గరికెళ్ళింది. కుడి పక్కన నిలబడి, ఆయన మోచెయ్యి ఉండాల్సిన చోట గాల్లో చెయ్యి పెట్టింది.

"నొప్పి అని ఒక్క మాట అంటే అరిగిపోతారా," అంది. "పట్టుకోండి. ఎవరూ చూడట్లేదులెండి. పట్టుకోండి."

బాబాయ్ నిజంగానే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కొలబద్ద తిప్పుకోలేకపోయింది. అమ్మ చెయ్యి ఒక్కసారి కిందకి కుంగింది, బరువు పడ్డట్టు. అమ్మ కాళ్ళు బిగబట్టి నిలబడింది. పళ్ళు కూడా బిగబట్టింది. కాసేపటికి కుర్చీలోంచి చిన్న చప్పుడు, మెటిక విరిచినట్టు, అంతే. సీటు పైకొచ్చి, చిన్నగా రెండుసార్లు ఊగి, ఆగింది.

కొలబద్ద వెళ్ళి రెండు వేళ్ళు పెట్టింది. లేచింది.

అమ్మ ఇంకా చెయ్యి దించలేదు. ఎవరో మెట్లు దిగి వెళ్తుంటే చివరిదాకా చూసినట్టు తలుపు వైపు చూస్తూ ఉంది. తర్వాత పక్కనే ఉంది కదా అని ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది. అది కిందకి దిగింది. మెల్లిగా. అమ్మ భయపడి అంచులు పట్టుకుని, మళ్ళీ వదిలేసింది. వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోలేదు.

కొలబద్ద ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ఆ కుర్చీ మళ్ళీ ఏ వ్యానూ ఎక్కలేదు, ఆమె కూడా ఏ కంపెనీకీ ఫోన్ చెయ్యలేదు. ఇప్పుడు షెడ్డుకి ఎవరొచ్చినా ముందు ఒక ప్రశ్న అడుగుతుంది, ఆ తర్వాతే పెన్సిల్ ముట్టుకుంటుంది. ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది ఆ సాయంత్రమే.

"అమ్మా, నీకెక్కడ నొప్పి?"

అమ్మ కళ్ళు తెరిచింది. ఇంతవరకు ఎవరూ అడగని మాట కదా, అర్థం కానట్టు చూసింది. "నాకా?" అంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ముందు మెడ అంది. తర్వాత ఎడమ మడమ. తర్వాత నువ్వు పుట్టినప్పట్నుంచీ నడుం దగ్గర ఒకటి అని చెయ్యి వెనక్కి పెట్టి చూపించబోయి, అందక

ఆగు, మా అమ్మ పిలుస్తోంది. ఇది మూడోసారి. పోవాలి